కదలని దొరలకు కైమోడ్పు

అయ్యా, స్థిరవాద పండితోత్తములారా,

ఖండాలు కదిలాయని చెప్పిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ పేరు ఇవాళ బడిపిల్లల నోళ్లలో నానుతోంది. జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో ధ్రువ పరిశోధనల కోసం వెలసిన పెద్ద సంస్థకు ఆయన పేరే పెట్టారు. చంద్రుడి మీద ఓ గుంటకూ పెట్టారు. కదల్లేదని చెప్పిన మీ పేర్లు మాత్రం పాత పత్రికల బైండు పుస్తకాల్లో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఇంత అన్యాయం చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ఆయన తన మాట చెప్పింది 18 ఏళ్లు. మీరు కాదన్నది 50 ఏళ్లకు పైగా. కష్టం ఎవరిదెక్కువ?

నిజానిదేముంది, పట్టించుకోకపోయినా అదెక్కడికీ పోదు. పొరపాటుని అర్ధశతాబ్దం పాటు కింద పడనివ్వకుండా ఎత్తిపట్టడమే ఘనకార్యం. అందుకు వంతులు వేసుకోవాలి, శిష్యుల్ని తయారు చేసుకోవాలి, వచ్చిన ప్రతి సాక్ష్యానికీ ఓ వంక సిద్ధంగా ఉంచుకోవాలి. అవన్నీ మీరు ఒక్కపూట కూడా మానకుండా చేశారు.

మొదట మీ మర్యాద గురించి చెప్పాలి. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో భూవిజ్ఞానుల సభలో వెగెనర్ నిలబడి, ఈ ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే ముద్దగా ఉండేవనీ, తరవాత విడిపోయి దూరం జరిగాయనీ అన్నాడు. అప్పుడాయనకు 31 ఏళ్లు. డాక్టరేటు ఖగోళశాస్త్రంలో, పని వాతావరణశాస్త్రంలో, సరదా బెలూన్ల మీద. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి 52 గంటలు ఏకబిగిని గాలిలో తేలి రికార్డు కొట్టాడు. ఆ వెంటనే గ్రీన్‌లాండ్ మంచులో రెండేళ్లు గడిపాడు. ఏం చెబుతున్నాడు అని మీరు అడగలేదు. ఎవడితను అని అడిగారు. సంబంధం కలుపుకునే ముందు గోత్రం కనుక్కోవడం పెద్దమనుషుల లక్షణం. గాలీ వానా చూసుకోవలసినవాడు రాళ్ల జోలికి రావడం మీకు నచ్చలేదు. మామగారు వ్లాదిమిర్ కొప్పెన్, ప్రపంచ శీతోష్ణస్థితుల్ని వర్గీకరించిన మహానుభావుడు, ఆయన కూడా మొదట్లో నీ పని నువ్వు చూసుకో నాయనా అనే మందలించాడు. కానీ కొప్పెన్‌లో మీకున్న నిలకడ లేదు. సాక్ష్యాలు చూసి మనసు మార్చుకుని, 1924లో అల్లుడితో కలిసి ప్రాచీన శీతోష్ణస్థితుల మీద పుస్తకమే రాశాడు. అలాంటి చంచల స్వభావులను మీ జాబితాలో చేర్చి మీ పరువు తియ్యను.

మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి, కోలుకుంటూ రాసిన వెగెనర్ పుస్తకం 1915లో వచ్చింది. అందులో ఏమున్నాయని? దక్షిణ అమెరికా తూర్పు అంచు, ఆఫ్రికా పడమటి అంచు ఒకదానికొకటి సరిపోతాయన్నది ఒకటి. ఆ పోలిక 1596లోనే పటాలు గీసే అబ్రహాం ఓర్టెలియస్ కంటికి ఆనింది, అయినా మీరు దాన్ని చప్పరించేశారు. మెసోసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు దక్షిణాఫ్రికా ప్రాంతంలోనూ, బ్రెజిల్ చుట్టుపక్కలా మాత్రమే దొరుకుతాయన్నది ఇంకొకటి. అట్లాంటిక్ ఈదే శక్తి ఆ ప్రాణికి లేదు. ఇక గ్లాసోప్టెరిస్ ఉంది. నాలుక ఆకారంలో, మధ్య ఈనెతో, వల అల్లినట్టున్న సన్నని నరాలతో ఉండే ఆకు. మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గుగా మారిన అడవుల్లో పెరిగిన చెట్టు అది. గోండుల సీమ పేరు మీద భారత భూవిజ్ఞాన సర్వే వాళ్లు 1870ల్లోనే ఆ రాతిపొరలకు గోండ్వానా అని పేరు పెట్టారు. అదే ఆకు ఆఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది.

అంటార్కిటికాలోనూ ఉంది. అది ఎలా తెలిసిందో కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1912 ఫిబ్రవరిలో, వెగెనర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాట్లాడిన నెలకే, దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగి రాళ్లు ఏరింది. తిండి అయిపోతోంది, కాళ్లు గడ్డకట్టిపోతున్నాయి. ప్రతి కిలో బరువూ ప్రాణానికి ముప్పే. అయినా సుమారు 16 కిలోల రాళ్లను చివరి గుడారం దాకా బండి మీద లాక్కొచ్చి, చివరిదాకా మిగిలినవాళ్లు వాటి పక్కనే చనిపోయారు. ఆ రాళ్లలో గ్లాసోప్టెరిస్ ముద్రలున్నాయి. మంచు తప్ప మొక్క మొలవని చోట ఒకప్పుడు మన బొగ్గుగనుల అడవే ఉండేదని అవి సాక్ష్యం చెప్పాయి. మీరు వాటిని చూశారు, కళ్లు చెమర్చుకున్నారు, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. అమరవీరుల మీద మీకున్న గౌరవం అంత గొప్పది. వాళ్లు మోసుకొచ్చిన కబురుని మాత్రం ఎవరూ ముట్టుకోకుండా కాపాడారు.

కబురు వినకుండానే దానికి జవాబు చెప్పగల నేర్పు మీది. జవాబు పేరు భూసేతువు. ఆఫ్రికా ఆకు, బ్రెజిల్ ఆకు ఒకటే అయితే నడుమ ఓ వంతెన ఉండి ఉంటుంది. ఇండియాకి, మడగాస్కర్‌కి మధ్య ఇంకోటి. ఆస్ట్రేలియాకి మరోటి. త్రేతాయుగంలో శ్రీరామచంద్రుడికి లంకకు ఒక్క సేతువు కట్టడానికి నలుడూ, నీలుడూ, ఇంత వానరసేనా కావలసి వచ్చారు. మీకు పెన్సిలు చాలింది. వేల మైళ్ల సముద్రం మీద, అడ్డంగా రెండు గీతలు. ఆ గీతల మీదుగా బల్లులు నడిచాయి, నత్తలు నడిచాయి, చెట్లు విత్తనాలు విసురుకుంటూ సాగాయి. అవసరం తీరగానే సేతువు సముద్రంలో మునిగిపోయింది. ఆనవాలు కూడా మిగల్లేదు. రాముడు కట్టినదాన్ని ఇంకా వెతుకుతున్నారు, మీరు కట్టినవి వెతకనక్కరలేని సేతువులు.

ఇంకో విశేషం చూడండి. అవి మునగవని మీకు తెలుసు. హిమాలయాల దగ్గర సర్వేలో లంబపు గుండు లెక్క ప్రకారం వంగవలసినంత వంగలేదని పట్టుకుని, కలకత్తాలో ఉన్న ప్రాట్, ఇంగ్లండ్‌లో ఉన్న ఏరీ 1855లోనే కారణాలు వెతికారు. పర్వతాల కిందా, ఖండాల కిందా ఉన్న రాయి తేలిక, సముద్రాల కింద ఉన్నది బరువు. తేలికైన ఖండం బరువైన పొర మీద తేలుతూ ఉంటుంది. మన దేశపు నేల మీద గొలుసులు లాగి సంపాదించిన తెలివి ఇది. తేలేదాన్ని నడిసముద్రంలో ముంచడం ఎలా? ఆ ప్రశ్న మీలో కొందరికి తట్టకపోలేదు. యేల్ పండితుడు చార్లెస్ షుకర్ట్, బెయిలీ విల్లిస్ కలిసి 1932లో వంతెనలను బాగా సన్నం చేశారు. వెడల్పాటి దారైతే మునగదు గానీ సన్నటి నడవా అయితే మునగవచ్చట. అదీ ఒప్పుకోని జార్జ్ గేలార్డ్ సింప్సన్‌గారు మాత్రం, అప్పుడప్పుడూ కొట్టుకొచ్చే చెట్ల దుంగల మీద జంతువులు లాటరీ తగిలినట్టు దాటేసి ఉంటాయని లెక్కలు వేశారు. బల్లి దుంగెక్కి మహాసముద్రం దాటడం సాధ్యం, ఖండం ఏడాదికి రెండంగుళాలు జరగడం అసాధ్యం. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని అనేవాళ్లను లోకంలో చూశాం. నాలుగో కాలు ఎందుకు లేదో వివరిస్తూ గ్రంథాలు రాసినవాళ్లు మీరే.

1926 నవంబరులో న్యూయార్క్‌లో అమెరికా చమురు భూవిజ్ఞానుల సంఘం పెట్టిన సభ మీ చరిత్రలో సువర్ణఘట్టం. సభ పెట్టించిన డచ్చి భూవిజ్ఞాని వాన్ డెర్ గ్రాక్ట్ వెగెనర్ పక్షమే. పిలిచినవాడి ఇంట్లోనే ఆయన మాటను చీల్చి చెండాడిన మీ ధైర్యానికి జోహార్లు. షికాగో నుంచి వచ్చిన రోలిన్ చేంబర్లిన్‌గారు అందరికన్నా నిజాయితీపరుడు. వెగెనర్‌ని నమ్మితే గడిచిన 70 ఏళ్లలో నేర్చుకున్నదంతా పక్కనపడేసి మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి అన్న భావం ఆయన దాచుకోలేదు. తక్కినవాళ్లు రాళ్ల గురించీ, బలాల గురించీ, శిలాజాల గురించీ చుట్టుతిరుగుడుగా మాట్లాడుతుంటే ఈయన అసలు బాధ చెప్పేశాడు. మళ్లీ చదువుకోవడం ఎవరికిష్టం? ఈయన తండ్రి టి.సి. చేంబర్లిన్ కూడా షికాగోలో మహా భూవిజ్ఞాని. ఒకే ఊహను ముద్దు చేసి పెంచుకోకండి, నాలుగైదు ఊహలను పక్కపక్కన పెట్టి పరీక్షించండి అని 1890లో వ్యాసం రాసి పేరు తెచ్చుకున్నాడు. తండ్రి ఇచ్చిన నాలుగైదింటిలో ఒకటి కొడుకు తగ్గించాడు. ఆ మాత్రం పొదుపు వంశానికి మంచిది.

ఇక్కడ నేను వ్యాజం పక్కన పెట్టి ఒక నిజమైన పొగడ్త చెయ్యాలి. కేంబ్రిడ్జ్ గణిత దిగ్గజం హరాల్డ్ జెఫ్రీస్ లెక్క తప్పు కాదు. ఖండాలను ఏది తోస్తోంది అంటే వెగెనర్ రెండు బలాలు చెప్పాడు. భూమి తిరగడం వల్ల ధ్రువాల నుంచి మధ్యరేఖ వైపు నెట్టే బలం ఒకటి, సూర్యచంద్రుల ఆకర్షణ రెండోది. జెఫ్రీస్ కూర్చుని లెక్క కట్టి, ఖండాన్ని లాగేంత గట్టిగా ఆ ఆకర్షణే ఉంటే భూమి గిర్రున తిరగడం ఏడాదిలోపే ఆగిపోయేదని 1924లో తేల్చాడు. అక్షరాలా సత్యం. గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల కొద్దీ పడమటికి పోతోందని వెగెనర్ ఇచ్చిన కొలతా తప్పే. అందులో మీ తప్పేం లేదు.

ఈ రెండు బలాలూ చాలవు అని తేలాక, మరి ఏ బలమై ఉంటుంది అని వెతకడం మామూలు వాళ్లు చేసే పని. మీరు అసాధారణులు. ఈ రెండూ చాలవు, కనుక మూడోది లేదు, కనుక ఖండాలు కదల్లేదు, కనుక ఆకుల సంగతి మాట్లాడకండి అని మూడు మెట్లు ఒక్క గెంతులో దిగారు. కారణం తెలియనిదే కార్యాన్ని నమ్మరాదన్నది మీ నియమం. చాలా గొప్ప నియమం. మంచుయుగాలు మీరు 19వ శతాబ్దంలోనే నమ్మారు. వాటికి కారణమేమిటో అప్పటికి ఎవరికీ తేలలేదు. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పుతున్నదేమిటో సరిగ్గా తెలియకుండానే ఓడలెక్కి సభలకు వచ్చారు. ఆ నియమాన్ని పండగపూట కట్టుకునే పట్టుబట్టలా దాచి, వెగెనర్ వచ్చినప్పుడు మాత్రం బయటికి తీశారు.

కారణమే కావాలంటే అదీ ఎంతోకాలం ఆగలేదు. అణుధార్మిక పదార్థాలతో రాళ్ల వయసు కట్టడంలో ఆరితేరిన ఆర్థర్ హోమ్స్ 1920ల చివర్లో గ్లాస్గోలో ఉపన్యాసమిచ్చి, 1931లో అచ్చువేయించాడు. భూమి లోపల అణుధార్మికతతో వేడి పుడుతూనే ఉంది. ఆ వేడికి పైపెంకు కిందనున్న మాంటిల్‌లోని రాయి గట్టిగా ఉంటూనే కోట్ల ఏళ్ల లెక్కలో మెల్లగా పైకి లేచి, పక్కకు పారి, చల్లబడి మళ్లీ కిందికి దిగుతుంది. పైనున్న ఖండాన్ని తనతో మోసుకుపోతుంది. వెగెనర్‌కి దొరకని మూడో బలం ఇదే. దక్షిణాఫ్రికా నుంచి అలెగ్జాండర్ డు టాయిట్ స్వయంగా దక్షిణ అమెరికా వెళ్లి, రాతిపొరను రాతిపొరతో జత చూసి 1927లో పుస్తకం రాశాడు, 1937లో ఇంకోటి రాశాడు. కారణం అడిగారు, కారణం గుమ్మంలోకొచ్చింది. మీరు తలుపు తియ్యలేదు. అది మీ ఉపేక్ష అని గిట్టనివాళ్లంటారు. నేనైతే నిగ్రహమంటాను.

వెగెనర్ అప్పటికే పోయాడు. 1930 నవంబరు 1న, తన 50వ పుట్టినరోజున, గ్రీన్‌లాండ్ నడిమధ్యలోని శిబిరం నుంచి రాస్మస్ విలుమ్‌సెన్ అనే స్థానిక యువకుడితో తీరం వైపు బయల్దేరాడు. ఇద్దరూ చేరలేదు. మరుసటి మే నెలలో వెగెనర్ శవం దొరికింది. దాన్ని ఎంతో జాగ్రత్తగా మంచులో పూడ్చిన విలుమ్‌సెన్ ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. వాదించడానికి మనిషి లేకపోతే వాదం ఎంత సుఖంగా ఉంటుందో మీరు త్వరలోనే చూపించారు. 1944లో బెయిలీ విల్లిస్‌గారు ఖండ చలనం ఒక కట్టుకథ అంటూ, ఆ కథ అన్న మాట మాత్రం వెగెనర్ మాతృభాషలో పెట్టి, వ్యాసం రాశారు. పద్నాలుగేళ్ల కిందట మంచులో గడ్డకట్టిన మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పడం ఎంత సంస్కారం!

తరవాతి ఘట్టం సముద్రంలో నడుస్తుంది. అందులో మీకో కొత్త గుణం తోడైంది, స్త్రీల మీద దయ. న్యూయార్క్ దగ్గర లామాంట్ పరిశోధనాలయంలో మారీ థార్ప్ అనే ఆమె పనిచేసేది. భూవిజ్ఞానంలోనూ, గణితంలోనూ పట్టాలున్నాయి. సముద్రంలో ఎండకీ అలలకీ కందిపోకుండా, పరిశోధన ఓడల మీద ఆడవాళ్లను అడుగుపెట్టనిచ్చేవారు కాదు. అందువల్ల బ్రూస్ హీజెన్ ఓడెక్కి లోతులు కొలుచుకొస్తే, ఈమె గదిలో బల్ల ముందు కూర్చుని వాటిని గియ్యాలి. ఓడ నుంచి అడుక్కి శబ్దం పంపి, అది తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుసుకునే పద్ధతి. వేల అంకెలు. ఆ అంకెలను చుక్కలుగా పెట్టి, చుక్కలను గీతగా కలిపి, అట్లాంటిక్‌ని తూర్పు నుంచి పడమటికి అడ్డంగా కోసినట్టు ఆరు చోట్ల ఆరు బొమ్మలు గీసింది. సముద్రం నడుమ పర్వతశ్రేణి ఉందని అందరికీ తెలిసిందే. బొమ్మల్ని ఒకదాని కింద ఒకటి పేర్చినప్పుడు శ్రేణి ఎత్తు ఒక్కో చోట ఒక్కోలా ఉంది, వాలు ఒక్కోలా ఉంది. కానీ శిఖరం మీద, సరిగ్గా నడినెత్తిన, లోతైన కోత ఒకటి అన్నిటిలోనూ ఒకే తీరున పడింది. పాపిట తీసినట్టు. నేల అక్కడ చీలుతోందని 1952లో ఆమె అంది.

హీజెన్ మూలిగాడు. ఇది అచ్చం ఖండ చలనంలా కనిపిస్తోంది, కనుక కాకూడదు. ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడని తరవాత ఆమే రాసుకుంది. లామాంట్‌లో ఆ రోజుల్లో ఖండ చలనం నమ్ముతున్నానని చెప్పడం ఉద్యోగానికి మంచిది కాదు. అంతలో పక్క బల్ల దగ్గర, వినికిడి లేని యువ చిత్రకారుడు హోవర్డ్ ఫాస్టర్ ఇంకో పని మీదున్నాడు. సముద్రగర్భంలో వేసే టెలిఫోను తీగలకు ఏ చోటు క్షేమమో తెలుసుకోవడానికి భూకంప కేంద్రాలను పటం మీద గుర్తిస్తున్నాడు. రెండు పటాలూ ఒకే కొలతలో గీసినవి. కింద దీపం పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే భూకంపాల చుక్కలన్నీ ఆమె గీసిన కోతలోనే వరసగా పడ్డాయి. హీజెన్ ఒప్పుకోక తప్పలేదు. అయితే పూర్తిగా ఒప్పుకుంటే మీ కులంలో ఎలా నిలుస్తాడు? సముద్రం విప్పారుతున్నమాట నిజమే గానీ ఖండాలు జరగడం వల్ల కాదు, భూమి మొత్తం ఉబ్బుతోంది కాబట్టి అన్నాడు. ఖండం జరగడం కన్నా భూగోళం పొంగడం నమ్మశక్యంగా తోచిన ఆ ప్రతిభకు నమస్కారం.

అప్పటి ప్రచ్ఛన్న యుద్ధంలో సముద్రం లోతుల అంకెలు అమెరికా నౌకాదళానికి రహస్యం. లోతుల రేఖలతో పటం అచ్చువెయ్యకూడదు. ఆమె అంకెలు లేకుండా, కొండలు కొండల్లా, లోయలు లోయల్లా పెన్నూ సిరాతో బొమ్మ వేసింది. 1957లో ఉత్తర అట్లాంటిక్ పటం వెలువడింది. దాన్ని నమ్మని ఫ్రెంచివాడు జాక్ కుస్తో, అది తప్పని చూపిద్దామనుకుని తన ఓడ వెనక నీళ్లలో కెమెరా లాగించాడు. తీరా చూస్తే లోయ అక్కడే ఉంది. 1959లో న్యూయార్క్ సముద్రశాస్త్ర మహాసభలో ఆ ఫిల్మే వేసి చూపించాడు. అలాంటివాడిని మీరు ఎప్పటికీ సభ్యుడిగా చేర్చుకోరు. తన కంటితో చూసి మాట మార్చేశాడు. ఇక తరవాతి ఏళ్లలో వచ్చిన పెద్ద పేపర్ల మీద మారీ థార్ప్ పేరు వెతికితే దొరకదు. పేరు ప్రతిష్ఠల బరువు కూడా ఆడవాళ్ల మీద పడకుండా చూశారు కదా, ఆ సౌకుమార్యం గురించి ఎంత చెప్పినా తక్కువే.

ప్రిన్స్‌టన్ ఆచార్యుడు హారీ హెస్ మిమ్మల్ని బాగా ఎరిగినవాడు. మధ్యశ్రేణి దగ్గర కొత్త సముద్రతలం పుడుతుందనీ, రెండు వైపులకీ జరిగిపోయి చివరికి అగాధాల్లో దిగిపోతుందనీ 1960లో రాసి, 1962లో అచ్చులోకి తెచ్చాడు. శాస్త్రమంటే మీరు ఊరుకోరు కాబట్టి ముందే, దీన్ని భూమి మీద అల్లిన కవిత్వంగా చదువుకోండి అని వినయంగా విన్నవించుకున్నాడు. ఒక భూవిజ్ఞానిని కవిగా మార్చిన కీర్తి కూడా మీ ఖాతాదే.

హెస్ తప్పించుకున్నాడు గానీ కెనడా భూవిజ్ఞాన సర్వేలో పనిచేసే లారెన్స్ మార్లీ తప్పించుకోలేదు. అతని ఊహ చూడండి. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజం, ఆ సమయంలో ఉత్తర దిక్కు ఎటు ఉందో రాతిలో ముద్ర వేసుకుంటుంది. భూమి అయస్కాంత ధ్రువాలు కొన్ని లక్షల ఏళ్లకోసారి తారుమారవుతాయి. మధ్యశ్రేణి దగ్గర కొత్త రాయి పుడుతూ రెండు వైపులకీ జరుగుతూ ఉంటే, సముద్రతలం మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసే చారలు శ్రేణికి రెండు పక్కలా జంటలు జంటలుగా ఏర్పడాలి. ఆ చారలు అప్పటికే పసిఫిక్‌లో అర్థం తెలియకుండా పడి ఉన్నాయి. 1963 మొదట్లో మార్లీ దీన్ని ఉత్తరంగా నేచర్ పత్రికకు పంపాడు. చోటు లేదన్నారు. అమెరికాలోని ఇంకో పెద్ద పరిశోధన పత్రికకు పంపాడు. నెలలు గడిచాక జవాబొచ్చింది. ఇలాంటి ఊహలు సాయంకాలం మందు పార్టీల్లో చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ గంభీరమైన శాస్త్రపత్రికలో వెయ్యదగినవి కావని పరీక్షకుడి తీర్పు. ఆ మహానుభావుడి పేరు బయటికి రాలేదు. పేరు తెలిస్తే శాలువా కప్పుదును. 20వ శతాబ్దపు భూవిజ్ఞానంలో అతి ముఖ్యమైన ఊహ ఏ గ్లాసుకి నంజుగా బాగుంటుందో ఒక్క వాక్యంలో తేల్చగలవాడు మామూలు రసికుడు కాదు.

అదే ఏడు సెప్టెంబరులో అదే ఊహ నేచర్‌లోనే వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో పరిశోధన విద్యార్థి ఫ్రెడ్ వైన్, అతని గురువు డ్రమండ్ మాథ్యూస్ రాశారు. వాళ్లు చూసిన చారలు మన హిందూ మహాసముద్రంలోవే, కార్ల్స్‌బర్గ్ శ్రేణి మీదవి. అచ్చయింది కదా అని మీరేమీ తొణకలేదు. మూడేళ్లు మౌనం పాటించారు. 1966లో ఎల్టానిన్ అనే ఓడ దక్షిణ పసిఫిక్‌లో తీసుకొచ్చిన ఒక కొలత కాగితం చూసేదాకా. తూర్పు నుంచి చదివినా, పడమటి నుంచి చదివినా ఎత్తుపల్లాలు అవే. గాలిగోపురానికి రెండు పక్కలా ఒకే శిల్పం చెక్కినట్టు. అప్పుడు కూడా మీలో ఓ పెద్దాయన, ఇది మరీ ఇంత పొందికగా ఉంది కాబట్టే నమ్మకూడదు అన్నాడని లామాంట్‌లో చెప్పుకునేవారు. సాక్ష్యం బాగాలేకపోతే బాగాలేదని, బాగుంటే మరీ బాగుందని తోసిపుచ్చిన ఆ సమదృష్టి యోగులకు కూడా దుర్లభం.

ఆ తరవాత ఏడాదిన్నరలో మీ కోట ఖాళీ అయిపోయింది. 1967లో జేసన్ మార్గన్, విడిగా మెకెంజీ, పార్కర్, భూమి పైపెంకు కొన్ని ఫలకాలుగా విడిపోయి కదులుతోందని జ్యామితితో చూపించారు. 1968 నుంచి గ్లోమర్ చాలెంజర్ ఓడ సముద్రతలంలో బోర్లు వేసి, శ్రేణి నుంచి దూరం పోయేకొద్దీ తలం వయసు పెరుగుతోందని తేల్చింది. నిన్నటిదాకా వెక్కిరించినవాళ్లే, మేం మొదటినుంచీ అనుకుంటున్నదే అంటూ పాఠాలు చెప్పడం మొదలెట్టారు. వాళ్లను నేను పొగడను. మాస్కో భూవిజ్ఞాని బెలూసోవ్‌ని పొగుడుతాను, చివరిదాకా లొంగలేదు. అందరికన్నా మిన్నగా సర్ హరాల్డ్ జెఫ్రీస్‌ని పొగుడుతాను. 1989లో 97 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఖండాలను అంగుళం కూడా జరగనివ్వలేదు. ఆయన బతికుండగానే, ఖగోళ రేడియో టెలిస్కోపులతో అట్లాంటిక్ ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్ల లెక్కన వెడల్పవుతున్నట్టు కొలిచేశారు. ఆయనకు అది ఆకాశం వైపు చూసేవాళ్ల లెక్క.

జెఫ్రీస్ అన్నాను కాబట్టి ఆయన విశ్వవిద్యాలయం చేసిన మేలు ఒకటి మన దేశానికి సంబంధించినది, చెప్పకపోతే పాపం. 1951లో కేంబ్రిడ్జ్‌లో టెడ్ అర్వింగ్ అనే కుర్రవాడు పరిశోధన విద్యార్థి. రాళ్లలోని అయస్కాంత ముద్రను బట్టి ఆ రాయి పుట్టినప్పుడు ఏ అక్షాంశం మీద ఉందో కనుక్కోవచ్చని అతని ఆలోచన. సంఖ్యాశాస్త్ర దిగ్గజం ఆర్.ఎ. ఫిషర్ వెన్నుతట్టాడు. దక్కను పీఠభూమి నల్ల లావా రాళ్లు తెప్పించి పరీక్షిస్తే, అవి పుట్టినప్పుడు మన దేశం భూమధ్యరేఖకు బాగా దక్షిణంగా ఉందని ముద్రలు చెప్పాయి. ఎల్టానిన్ కాగితానికి 15 ఏళ్ల ముందు, ఖండం జరిగిందనడానికి రాతిలో రాసి ఉన్న రుజువు. ఈ విషయం మీద తీర్పు చెప్పగలవాళ్లు అప్పటికి అక్కడ ఎవరూ లేరు. అయినా తీర్పు చెప్పారు. 1954లో అతని పిహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాన్ని తిప్పికొట్టారు. అతను ఆస్ట్రేలియా వెళ్లిపోయి, అక్కడి రాళ్లు కూడా పట్టుకుని, పేపరు మీద పేపరు రాస్తూ పోయాడు. 1965లో కేంబ్రిడ్జ్ వారు పిలిచి, పిహెచ్‌డీ కన్నా పెద్దదైన డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చారు. ఆ 11 ఏళ్లలో భారతదేశం, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున, ఓ అర మీటరు జరిగింది. కేంబ్రిడ్జ్ దానికన్నా కాస్త ఎక్కువే జరిగిందనుకోవాలి.